సాంచె సంచి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి సూరత్‌కు వలస వచ్చిన నేతగాళ్లు పనిచేసే పాండేసర షెడ్డొకదానిలో, స్విచ్చి బోర్డు పక్కన సుద్దముక్కతో రాసి ఉన్న పద్యమిది. కవి అజ్ఞాతుడు. గోడ మీది నల్లటి వేలిముద్రలను బట్టి మగ్గాలు బాగుచేసే మిస్త్రీ అయి ఉండునని పండితుల నిర్ణయం. ఛందస్సు ఆటవెలది.

మూలం:
పికరు రెండు, బెల్టు, పిన్నులు నాలుగు,
గ్రీజు డబ్బ, తోలు, గేరు, తాడు;
అంగడెంత దూర మంతటిదగు మూట
సాంచె నడుపు వాని సంచి యిదియె.

ప్రతిపదార్థం:
పికరు రెండు = షటిల్‌ను తన్ని అవతలి గూటికి పంపే దిమ్మెలు, ఈ కొసకొకటి, ఆ కొసకొకటి. పూర్వం గేదె తోలుతో చేసేవారు, ఇప్పుడు నైలాన్‌వి వచ్చాయి. తన్నులు మాత్రం మారలేదు.
బెల్టు = మోటారు బలాన్ని సాంచెకు అందించే పట్టీ. ఏకవచనం కవి జేబును సూచించును.
పిన్నులు నాలుగు = రెండు కాళ్లు విడదీసి వంచే చీలిక పిన్నులు. అవసరమైనది ఒకటే. తక్కిన మూడూ నేల మీది పోగుల చెత్తలో పడి మాయమగుటకు.
గ్రీజు డబ్బ = స్పష్టం.
తోలు = పికింగ్ కర్రకు కట్టే పట్టీ.
గేరు = అంగుళానికి ఎన్ని పేక పోగులు పడాలో నిర్ణయించే పళ్లచక్రం. ఇది విరిగినప్పుడు కంటె సేఠు మనసు మారినప్పుడే ఎక్కువగా మార్చబడును.
తాడు = పైవాటిలో ఏదీ పనికిరాని లోపాలకు.
సాంచె = మరమగ్గం.

పాఠాంతరం: ‘పికరు’ అన్నచోట ‘నాజిల్’ అని చదవాలని వాటర్‌జెట్ మతస్థులు. వారి మగ్గంలో షటిలే లేదు. నీటిధారే పేక పోగును అవతలికి విసురుతుంది. నీరు పీల్చే నూలుకు అది పనికిరాదు, సూరత్ పాలిస్టరుకు సరిపోతుంది. వారి మాట నిజమే అయినా ఆ పాఠం గ్రాహ్యం కాదు. యతి చెడుతుంది, గణం చెడుతుంది, పైగా సేఠు కొత్త మగ్గాలు కొనవలసి వస్తుంది.

ఆక్షేపం: పాండేసరలోనూ, పక్కనున్న ఉధనాలోనూ సామాన్ల దుకాణాలుండగా ‘అంగడెంత దూరము’ అనుట వ్యర్థం కదా?

సమాధానం: కాదు. ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కొలవరాదు. షిఫ్టు పన్నెండు గంటలు, కూలి మీటర్ల లెక్కన. రాత్రి రెండింటికి పిన్ను ఊడితే దుకాణం నాలుగు అడుగుల్లో ఉన్నా, దాని షటరు లేచేది పొద్దెక్కాకే. అందాకా మగ్గం నేయదు, మీటరు పెరగదు.

దృష్టాంతం: నడిసముద్రంలో అంగడి అసలే ఉండదు. భారత నౌకాదళపు తెరచాప పడవ తారిణి, ఆరుగురు మహిళా అధికారులతో 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి, భూమి చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చింది. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి మనవాళ్లు. ముందే అనుకున్న మజిలీలు ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. ఇక ఇంటికే అనుకున్న ఆఖరి అంచెలో చుక్కాని యంత్రాంగం మొరాయించగా, అనుకోని మజిలీగా మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ చేరవలసి వచ్చింది. ఇంతకూ అటువంటి పడవల్లో తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగల కొసలు జారకుండా కాచేదీ మన మూడో పదంలోని చీలిక పిన్ను జాతే. ఇంజను ఉంటే బెల్టూ తప్పదు. తాడు సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ పద్యం సముద్రానికీ చెల్లును.

తాత్పర్యం: సంచిలో వేసుకోవలసింది ఖరీదైన వస్తువును కాదు, వేళకు దొరకని వస్తువును. రూపాయి పిన్ను లేక లక్షల యంత్రం ఆగుతుంది గనుక, విడిభాగం వెల బిల్లులో ఉండదు, అది తప్పించే ఎదురుచూపులో ఉంటుంది. ఏది మోయాలో తేల్చేది యంత్రం కాదు, అంగడి.

ఫలశ్రుతి: షిఫ్టు ఎక్కేముందు ఈ పద్యం చదివి సంచి తడుముకొన్నవానికి మీటర్లు తగ్గవు. సంచి తడమక చదివినవానికి ఆ రాత్రి పద్యమే గిట్టుబాటు.