విజువల్ లెర్నరట!

మా రోజుల్లో ఈ పేర్లేవీ లేవు. డిస్లెక్సియా అన్న మాట నేను రిటైరయ్యే ముందుగానీ వినలేదు. చదవలేని పిల్లవాడంటే మొద్దు, లేకపోతే బద్ధకస్తుడు. వెనక బెంచీ, గోడకుర్చీ, బెత్తం. అదేదో బంగారు కాలమని నేననను. పోలియో వచ్చిన పిల్లల్ని చాలా ఇళ్ళల్లో బడికే పంపేవారు కాదు. 1995 నాటి చట్టం కూడా ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. చదవడం, రాయడం, లెక్క చేయడం దగ్గర తడబడే పిల్లలకి అందులో చోటు లేదు. 2016 చట్టం ఆ ఏడింటిని 21 చేసి వీళ్ళనీ కలుపుకుంది. ఇప్పుడు ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి, పరీక్షలో అదనపు సమయం ఇస్తున్నారు, రాసిపెట్టడానికి మనిషిని ఇస్తున్నారు. వీటన్నిటికీ చేతులెత్తి దండం పెడతాను.

నా గొడవ వేరు. మొన్న మా వీధిలో ఒకమ్మాయి కొడుకు రిపోర్టు పట్టుకొచ్చింది. మూడో తరగతి పిల్లాడు. బళ్ళో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కాసిని ప్రశ్నలు అడిగి, ‘ఈ బాబు విజువల్ లెర్నర్’ అని రంగు కాయితం మీద అచ్చువేసి ఇచ్చారు. దానికి విడిగా ఫీజు కూడాను.

“అయితే ఏం చెయ్యమన్నారమ్మా?” అన్నాను.

“బొమ్మలు చూపించమన్నారు మాస్టారూ.”

చూపిస్తూనే ఉంది పాపం. వాడికింకా ‘మ’కీ ‘య’కీ తేడా తెలీదు.

చూసి నేర్చుకునేవాడు, విని నేర్చుకునేవాడు, చేసి నేర్చుకునేవాడు అని పిల్లల్ని మూడు వరసల్లో నిలబెట్టడం నాకు మింగుడుపడదు. ఆ శైలిని బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే తేల్చారు. చూపులేని పిల్లకి బ్రెయిలీ ఇవ్వాలి, అచ్చు చదవలేని పిల్లవాడికి పాఠం చదివి వినిపించాలి. అది శైలి కాదు, అవసరం. అలాగని ‘వీడు విని నేర్చుకునే రకం’ అంటూ చదవడం నేర్పడమే మానేస్తే అంతకంటే అన్యాయం ఉండదు.

మేం పనిచేసిన బళ్ళో ఒక తాపీమేస్త్రి కొడుకు ఉండేవాడు. ‘అమ్మ’ అని రాయమంటే ‘అమ’ అని రాసేవాడు. బోర్డు మీద చూసి ఎక్కించుకున్నా ఒత్తు ఎగిరిపోయేది. తెలుగు మాస్టారు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో ఇసక పరిపించి, పైన అక్షరం, కింద ఒత్తు వాడి వేలితోనే దిద్దించేవారు. దిద్దుతున్నంతసేపూ గట్టిగా పలకాలి. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒకేసారి పనిచెయ్యాలనేవారు. అమెరికాలో ఆర్టన్, గిల్లింగ్‌హామ్ అనేవాళ్ళు ఈ తడబాటున్న పిల్లల కోసం 1930ల్లోనే ఇలాంటి దారి వేశారని నేను చాలా ఏళ్ళకి చదివాను. ఆయనకి ఆ పేర్లు తెలీవు, పిల్లవాడు తెలుసు. అదే కుర్రాడు గోడ పొడుగూ ఎత్తూ చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో నోటితో చెప్పేసేవాడు. అది కనిపెట్టింది లెక్కల మాస్టారు. పలక పక్కన పెట్టించి నోటిలెక్క అడిగేవారు, నోటి జవాబుకే మార్కులు వేసేవారు. ఏడో తరగతికి వచ్చేసరికి వాడు వాచకం నెమ్మదిగానైనా తనంతట తాను చదివాడు.

ఇప్పుడు పిల్లవాడి పక్కన కూర్చునేదెవరు? భవిత టీచరమ్మలు కష్టపడతారు, నేను చూశాను. పాఠానికి కూర్చుందామంటే ఫోన్‌లో వివరాలు నింపమంటారు. ఏ పిల్లకి ఆ పిల్లకి విడిగా రాయాల్సిన ప్రణాళికల్లో అందరికీ ఒకే వాక్యం కనిపిస్తుంది. ఇక తల్లిదండ్రులకి వైకల్య సర్టిఫికెట్ గుర్తొచ్చేది పదో తరగతిలో. ఆఖర్న రాసిపెట్టే మనిషిని తెచ్చి కూర్చోబెడతారు. జవాబు మనసులో పేర్చుకుని, ఇంకొకరు రాసుకునే వేగంలో వాక్యం తరవాత వాక్యం చెప్పడం చిన్న విద్యా? ఏడో తరగతి నుంచీ సాధన ఉండాలి. ఏ సాధనా లేకుండా పరీక్ష హాల్లో మొదటిసారి నోరు విప్పమంటే ఆ పిల్ల ఏం చెబుతుంది?

ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను. “క్లాసు టీచర్ని అడుగమ్మా. వీడు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నాడు, ఏ పని ఇస్తే ఆగకుండా చేస్తున్నాడు, ఒక వారం గమనించి చెప్పమను.” అడిగొచ్చింది. క్లాసులో యాభైమంది ఉన్నారు, ఒక్కడినే చూస్తూ కూర్చోవడం కుదరదన్నారట. కావాలంటే ఇంకోసారి ఫీజు కట్టి ఆ పరీక్షే మళ్ళీ పెట్టించుకోమన్నారట.