ముందు కొనండి, ఆడటం సంగతి తర్వాత

స్ట్రాటజీ గేముకు ఎక్స్‌పాన్షన్, అంటే విడిగా డబ్బు కట్టి చేర్చుకునే అదనపు భాగం, వచ్చిన ప్రతిసారీ "దానికి అంత డబ్బు పెట్టాలా?" అని అడిగే పిసినారులు ఎక్కువైపోయారు. వాళ్ళ మాట వింటే జన్మలో ఏదీ కొనలేం. అందుకని, కొనాలని ముందే తేల్చేసుకుని కారణాల కోసం మాత్రమే వెతుక్కుంటున్న సజ్జనుల కోసం ఈ చిట్కాలు రాస్తున్నాను. పాటించి బాగుపడినవారు నాకు ఇంకా తటస్థపడలేదు. అది వేరే విషయం.

ఉదాహరణకు సివిలైజేషన్ 6ను తీసుకుందాం. ఆట 2016 అక్టోబరులో వచ్చింది. 2018 ఫిబ్రవరిలో రైజ్ అండ్ ఫాల్ అనే ఎక్స్‌పాన్షన్ 30 డాలర్లకు, ఏడాది తిరిగేసరికి గ్యాదరింగ్ స్టార్మ్ 40 డాలర్లకు వచ్చాయి. రెండోదాన్ని విడుదల చేసింది ఫిబ్రవరి 14న. ప్రేమికుల రోజున వచ్చిన సరుకు ముందు కూర్చుని లెక్కలు వేసుకోవడం మర్యాద కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ముందే చెబుతాను. అసలు ఆటను ఒక్కసారైనా చివరిదాకా ఆడకముందే ఎక్స్‌పాన్షన్ కొనెయ్యండి. చివరిదాకా ఆడినవాడికి ఆటలో ఎక్కడ పస తగ్గిందో తెలిసిపోతుంది. సివిలైజేషన్ 6లో మొదటి వంద టర్నులు పండగలా గడుస్తాయి. కొత్త భూమి, కొత్త నగరాలు, పొరుగువాడితో గిల్లికజ్జాలు. రైళ్ళూ ఫ్యాక్టరీలూ వచ్చే కాలానికి గెలిచేదెవరో తేలిపోయి, మిగిలిన సగం ఆట 'తర్వాతి టర్ను' మీట నొక్కడంతోనే సరిపోతుంది. గ్యాదరింగ్ స్టార్మ్ బాగుచేయబోయింది సరిగ్గా ఆ రెండో సగాన్నే. బొగ్గు, చమురు తగలబెట్టేకొద్దీ భూమి వేడెక్కుతుంది. సముద్రం పొంగి తీరంలోని పల్లపు గడులను ముంచేస్తుంది. అడ్డుగోడలు కట్టుకోవాలి. ప్రపంచ సభలో తీర్మానాల మీద ఓట్లు కూడగట్టుకోవాలి. ఆఖరిదాకా ఆడి విసిగినవాడు ఇదంతా చూసి, ఆ 40 డాలర్లు ఎందుకు పెడుతున్నాడో తెలిసే పెడతాడు. అలా తెలిసి కొనడంలో థ్రిల్ ఏముంది? మీరు మాత్రం ప్రతి ఆటనూ ఎనభయ్యో టర్నులో వదిలేసి కొత్తది మొదలుపెట్టే అలవాటును కాపాడుకోండి. కొన్న వాతావరణ మార్పు ఒక్కసారి కూడా మీ కంట పడదు.

వరదలూ అగ్నిపర్వతాలూ మాత్రం మొదటినుంచీ ఉంటాయి లెండి. నది ఒడ్డున కట్టిన ఊరిని వరద పాడుచేసి, పోతూ పోతూ ఒండ్రు వేసి పోతుంది. తర్వాత ఆ నేలలో పంట ఇంకా బాగా పండుతుంది. గోదావరి లంకల్లో పుట్టినవారికి ఈ రూలు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళకు ఎక్స్‌పాన్షన్ అమ్మడం కష్టం.

విలువ కట్టే పద్ధతికి వద్దాం. రూల్సు చూడకండి, తలకాయలు లెక్కపెట్టండి. గ్యాదరింగ్ స్టార్మ్‌లో కొత్త దేశాలు ఎనిమిది, కొత్త నాయకులు తొమ్మిది మంది. మాలీ రాజు మాన్సా మూసా, ఒట్టోమన్ల సులేమాన్, ఇంకాల పచకూటి, ఆటను నడిసముద్రంలో మొదలుపెట్టే మావోరీల కూపే, ఇలా. 40ని తొమ్మిదితో భాగిస్తే తలకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. పైగా ఎలినార్ రాణి ఇంగ్లండునూ ఏలగలదు, ఫ్రాన్సునూ ఏలగలదు కాబట్టి ఆవిడను రెండుసార్లు లెక్కెయ్యండి. సరిగ్గా నాలుగు డాలర్లకు దిగుతుంది. మాన్సా మూసాతో మీరు ఒక ఆట ఆడి పక్కన పెట్టేస్తారనీ, ఎవరితో ఆడినా ప్రతి ఆటలోనూ ఎదురయ్యేవి కొత్త రూల్సేననీ, డబ్బు పలికేవి అవేననీ ఎవరైనా గొణిగితే వినిపించుకోకండి. రూల్సుకు తలకాయలుండవు, లెక్కపెట్టడం కుదరదు.

రెండు ఎక్స్‌పాన్షన్లున్నప్పుడు ఏది ముందు కొనాలి? రెండూ, వచ్చిన వరుసలోనే. ఇక్కడ మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే సమాచారం ఒకటి ప్రచారంలో ఉంది, జాగ్రత్త. రైజ్ అండ్ ఫాల్ తెచ్చిన పద్ధతులన్నీ గ్యాదరింగ్ స్టార్మ్‌లో కలిసే వస్తాయి. పక్కదేశం ముక్కు కింద కట్టిన నగరం విధేయత తప్పి తిరగబడటం, గవర్నర్లు, స్వర్ణయుగాలు, చీకటి యుగాలు, అన్నీ. పాతదాంట్లో విడిగా మిగిలేది ప్రధానంగా అప్పుడు చేర్చిన దేశాలూ నాయకులూ మాత్రమే. దురదృష్టవశాత్తు ఇది నిజం. అయినా చలించకండి. మన చంద్రగుప్త మౌర్యుడు ఉన్నది పాతదాంట్లోనే కదా! అసలు ఆటలో గాంధీగారు ఉండగా మళ్ళీ ఎందుకంటే, గాంధీగారితో పొరుగువాడి భూమి ఆక్రమించాలంటే మొహమాటంగా ఉంటుంది. ఒక్క చంద్రగుప్తుడి కోసం 30 డాలర్లు పెట్టిన సంగతి తెలిస్తే చాణక్యుడు ఏమనేవాడో ఊహించే పని పెట్టుకోకండి.

ఇక గంటల లెక్క. ఆటగాళ్ళందరికీ ప్రాణప్రదమైన సూత్రం ఇది. మల్టీప్లెక్సులో టికెట్టూ పాప్‌కార్నూ కలిపి రెండున్నర గంటలకు ఇంత, ఈ ఎక్స్‌పాన్షన్ నాలుగు వందల గంటలకు అంత, కాబట్టి ఇది సినిమా కన్నా చవక. ఈ వాదన ఎప్పుడూ ఓడిపోదు, ఎందుకంటే గంటలు పెంచడం మన చేతిలో పని. సివిలైజేషన్ 6లో మామూలు వేగానికి 500 టర్నులు. మారథాన్ వేగం పెట్టుకుంటే 1500. అదే ఆట, అదే గెలుపు, గంటకు పడే ఖర్చు మాత్రం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. ఇంకా తగ్గించాలంటే ఆటను తెరిచి ఉంచి భోజనానికి వెళ్ళండి. మీరు పప్పన్నం కలుపుకుంటున్నా, ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం గంటలు లెక్కేస్తూనే ఉంటుంది. ఆ నాలుగు వందల గంటల్లో ఎక్స్‌పాన్షన్ లేకపోయినా ఎటూ ఆడేవి ఎన్ని, దానివల్ల కొత్తగా ఆడినవి ఎన్ని అని విడదీసి చూడకూడదు. విడదీశారా, సూత్రం అక్కడికక్కడే కూలిపోతుంది.

సేల్ వచ్చినప్పుడు ధర చూడకండి, తగ్గింపు శాతం చూడండి. జూన్ నెలాఖరులో వేసవి సేల్, డిసెంబరులో శీతాకాలం సేల్ వస్తాయి. డెబ్బై అయిదు శాతం తగ్గింపు అంటే అంత ఆదా అయినట్టు. ఇలాంటివి నాలుగు కొంటే ఆదా అయిన డబ్బుతో అయిదోది కొనొచ్చు. కొన్నాక రెండు వారాలపాటు దాని జోలికి పోకండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వాపసు అడగొచ్చు. ఎక్స్‌పాన్షన్ అయితే, కొన్న తర్వాత అసలు ఆటను ఆడిన సమయం ఆ రెండు గంటల్లోకి వస్తుంది. అడిగే అవకాశం ఉన్నన్నాళ్ళూ మనసు ఊగిసలాడుతూనే ఉంటుంది. పదిహేనో రోజున తెరిస్తే ఆ బాధ ఉండదు.

స్నేహితులను కూడా ఈ పుణ్యకార్యంలోకి లాగండి. సివిలైజేషన్ 6లో ఎక్స్‌పాన్షన్ రూల్సుతో కలిసి ఆడాలంటే అందరి దగ్గరా అది ఉండాల్సిందే, కాబట్టి పని సులువు. చిక్కల్లా ప్యారడాక్స్ కంపెనీ ఆటలతోనే. యూరోపా యూనివర్సాలిస్ 4 లాంటివాటిలో ఆటను హోస్ట్ చేసేవాడి దగ్గర ఎక్స్‌పాన్షన్ ఉంటే చాలు, మిగతావాళ్ళూ ఆ సదుపాయాలతోనే ఆడొచ్చు. ఈ రహస్యం మీ బృందంలో ఎవరికీ పొక్కనివ్వకండి. నలుగురూ నాలుగుసార్లు కొంటేనే స్నేహం గట్టిగా ఉంటుంది.

సొంత గడ్డ మీద అభిమానం కన్నా మంచి కారణం ఇంకోటి లేదు. అదే యూరోపాలో 1444 నవంబరులో ఆట మొదలుపెట్టి విజయనగరాన్ని ఏలొచ్చు. అది తెలియగానే చాలామంది ఆవేశంగా 2018లో వచ్చిన ధర్మ అనే ఎక్స్‌పాన్షన్ కొనేస్తారు, పేరులోనే ఇండియా ఉంది కదా అని. విజయనగరం 2013లో వచ్చిన అసలు ఆటలోనే ఉంది, దానికి పైసా అదనంగా కట్టక్కర్లేదు. ధర్మలో డబ్బుకు వచ్చేవి ట్రేడ్ కంపెనీల పెట్టుబడులు, మొఘలుల పాలనా పద్ధతి వంటివి. ఇది ముందే తెలుసుకుంటే అభిమానం చప్పబడుతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 సంగతి మరీ సున్నితం. 2000లో వచ్చిన కాంకరర్స్‌ను నెట్ సెంటర్లలో, పేరు మార్కర్‌తో రాసిన సీడీల నుంచి ఆడిన మన తరానికి ఎక్స్‌పాన్షన్ అంటే డబ్బు పెట్టి కొనే వస్తువని చాలాకాలం తెలియనే తెలియదు. ఆ పాపం కడుక్కోవడానికి 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చింది, పది డాలర్లకు. బెంగాలీలు, ఘూర్జరులు, ద్రావిడులు, మూడు కొత్త జాతులు. రాజేంద్ర చోళుడి కథ, బాబరు కథ, దేవపాలుడి కథ. ద్రావిడులకు మంచి ఓడలు, ఉరుమి కత్తి తిప్పే వీరులు ఉన్నారు. గుర్రాల బలం మాత్రం అంతంతే. పాత్రలు మాట్లాడేది తమిళం. తెలుగు వినపడలేదని అలగకండి, రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడు ఆ రాజేంద్రుడికి స్వయానా మేనల్లుడు, అల్లుడు కూడా. అల్లుడి తరపున పది డాలర్లు చదివించడం పెద్ద విషయం కాదు. నిజం చెప్పాలంటే నేను ఎక్కడైనా తప్పుడు సలహా ఇవ్వడానికి తడబడ్డానంటే ఇక్కడే. మూడు జాతులు, మూడు పూర్తి కథలు, ఈ ధర. దీన్ని వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

రివ్యూల విషయంలో విడుదలైన రోజు ఉదయం రాసినవాటినే నమ్మండి, రాసినవాడు అరగంట ఆడి ఉంటే మరీ మంచిది. 2021 ఏప్రిల్‌లో యూరోపాకు లెవయథన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. అందులోని లోపాలకు ఆటగాళ్ళు ఎంత మండిపడ్డారంటే, కొద్ది రోజుల్లోనే అది స్టీమ్‌లో అట్టడుగు రేటింగు సరుకుగా పేరు తెచ్చుకుంది, స్టూడియో పెద్ద క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. నెల రోజులు ఆగినవాళ్ళు ఇవన్నీ చదువుకుని డబ్బు మిగుల్చుకున్నారు. చరిత్రలో భాగం పంచుకునే అవకాశం పోగొట్టుకున్నారు, పాపం.

ఇంట్లో అడిగితే చరిత్ర పుస్తకం కొన్నానని చెప్పండి. "పుస్తకం ఏదిరా?" అని అమ్మ అడిగేలోపు ఇంకో సేల్ వస్తుంది.

ఇవన్నీ పాటించాక కూడా కార్డులో ఏమైనా మిగిలి ఉంటే దిగులు పడకండి. సివిలైజేషన్ 7 2025 ఫిబ్రవరి 11న 70 డాలర్లకు విడుదలైంది. నెల తిరగకముందే, మార్చిలో, గ్రేట్ బ్రిటన్‌ను విడిగా డబ్బు కట్టి కొనుక్కునే ప్యాకులో పెట్టి అమ్మకానికి తెచ్చారు. కార్డు నంబరు సేవ్ చేసి ఉంచుకోండి.