కోఠిలో ప్రభుత్వం ఏర్పాటైంది

పాత సామాన్లు కొనేవాళ్ళు ముందూ వెనకా అన్నీ విచారించుకునే కొనాలని, దొంగసొత్తని తేలితే కొన్నవాళ్ళ మీదా కేసు తప్పదని ఆమధ్య ఒక పోలీసు అధికారి సెలవిచ్చారు. మీరూ చదివే ఉంటారు.

ఆజ్ఞ శిరసావహించాను. అన్నీ నేనే విచారించాలంటే అన్ని శాఖలూ నా దగ్గరే ఉండాలి కదా. అందుకని కోఠిలో, గుజరాతీ గల్లీ పక్కన ఒక ఇరానీ హోటల్లో ప్రభుత్వం ఏర్పాటు చేశాను. ముఖ్యమంత్రిని నేనే. గవర్నరు అందుబాటులో లేనందున సర్వరు సమక్షంలో ప్రమాణం చేశాను. మా అక్క కొడుకు ప్రధాన కార్యదర్శి. మేం కొనబోయే పాత కెమెరా వాడికే. పెళ్ళి ఫొటోలు తీసి బతుకుదామనుకుంటున్నాడు. కొత్త ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఒక్కటే మా తాహతుకు మించింది, లెన్సు ఆపైన. కాబట్టి సెకండ్ హ్యాండే గతి.

మొదటి ఫైలు రక్షణ శాఖకు వెళ్ళింది. ఆన్‌లైన్‌లో సగం ధరకే కెమెరా పెట్టినాయన సైనికాధికారి. జైసల్మేర్‌కు బదిలీ అయిందట. క్యాంటీన్ కార్డు ఫొటో కూడా పంపాడు. సరుకు మిలిటరీ కొరియర్‌లో వస్తుంది, అడ్వాన్సు మాత్రం ఇప్పుడే వెయ్యాలి. ఇంతమంది సైనికాధికారులు ఒకేసారి కెమెరాలూ సోఫాలూ బుల్లెట్ బండ్లూ అమ్ముకుంటూ కూర్చుంటే సరిహద్దు సంగతి ఎవరు చూస్తున్నారని మా రక్షణ శాఖ ఆందోళన వెలిబుచ్చి ఫైలు మూసేసింది.

రెండో ఆసామి స్వయంగా వచ్చాడు. చేతిలో నికాన్ డీ750. “ఇంట్లో వాడిందే సార్, పాప బర్త్‌డేలకు తప్ప బయటికి తియ్యలేదు” అన్నాడు. వెంటనే జనగణన శాఖను దింపాను. ఈ నికాన్ తీసే ప్రతి ఫొటోలోనూ అప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క దాగి ఉంటుంది. ఒక ఫొటో తీసి యాప్‌లో చూస్తే 1,38,000 చిల్లర. ఆ మోడల్ షట్టర్‌ను కంపెనీ పరీక్షించిందే 1,50,000 సార్ల దాకా. పుట్టినరోజుకు వెయ్యి ఫొటోలు వేసుకున్నా పాపకు 138 ఏళ్ళు. అంత వయసొచ్చినా ఆ పాపకు వృద్ధాప్య పింఛను ఎందుకు అందడం లేదో వివరణ ఇవ్వాలని సంక్షేమ శాఖకు మెమో పంపాను. (కానన్ అయితే చాలా మోడళ్ళు ఈ లెక్క ఫొటోలో చెప్పవు. కేబుల్ తగిలించి వేరే సాఫ్ట్‌వేర్‌తో రాబట్టాలి. దానికి మా బడ్జెట్లో కేటాయింపు లేదు.)

ఆరోగ్య శాఖ లెన్సును వెనకవైపు నుంచి టార్చి వేసి చూసింది. లోపల సాలెగూడు అల్లినట్టు ఫంగస్. కాకినాడలో ఉండేదట, తేమ గాలికి పట్టేసింది. అది గాజు మీది పూతను తినేసిందంటే ఎంత తుడిచినా మచ్చ పోదు. “ఫొటోలో పడదు సార్” అన్నాడు. వెలుతురుకు ఎదురుగా తీస్తే పడుతుందని ఆరోగ్య శాఖ బులెటిన్ విడుదల చేసింది. ఫోరెన్సిక్ వాళ్ళు ఎఫ్16 పెట్టి హోటల్ గోడను ఫొటో తీశారు, సెన్సర్ మీద దుమ్ముంటే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది కనుక. చుక్కలు కనబడ్డాయి. వాటిలో సెన్సర్‌వి ఎన్ని, గోడ మీది చాయ్ మరకలు ఎన్ని అన్నది తేల్చడానికి మంత్రివర్గ ఉపసంఘం వెయ్యాల్సి వచ్చింది. కస్టమ్స్ బిల్లు అడిగింది. బావ దుబాయ్ నుంచి తెచ్చాడన్నాడు. బావను రమ్మంటే బావ దుబాయ్‌లో ఉన్నాడు.

ధర దగ్గర సభ వేడెక్కి ఆయన వాకౌట్ చేశాడు. ఆయన తాగిన చాయ్‌కి ప్రభుత్వమే కట్టింది.

ఆ చాయ్ బిల్లు చూసి మా ఆర్థిక శాఖ ఒక డిమాండు నోటీసు తయారుచేసింది. కొత్త కెమెరా అమ్మినప్పుడు పైవాళ్ళు 18 శాతం జీఎస్టీ పుచ్చుకుంటున్నారు. 2019కి ముందు 28 పుచ్చుకున్నారు. పన్నేమో అక్కడ, పని మాత్రం ఇక్కడ. పని మాకు అప్పజెప్పారు గనుక పన్నులో వాటా ఇవ్వాల్సిందే. జవాబు కోసం చూస్తున్నాం.

మూడోవాడు పాతికేళ్ళ కుర్రాడు. మూఢం పట్టింది, ముహూర్తాలు లేవు, ఈఎంఐ ఆగిపోయింది, అందుకే అమ్మేస్తున్నానన్నాడు. షట్టర్ కౌంట్ అతను చెప్పినంతే ఉంది. అద్దం శుభ్రం, స్క్రూల తలలు అరగలేదు. ప్రభుత్వం ఏకగ్రీవంగా సంతోషించింది. బిల్లేది అంటే లేదన్నాడు. తనూ ఇలాగే ఎవరి దగ్గరో కొన్నాడట. బాడీ అడుగున సీరియల్ నంబరు మాత్రం నిక్షేపంగా ఉంది. హోంశాఖకు పంపాను. ఈ నంబరు పోయినవాటిలో ఉందా లేదా, అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు.

హోంశాఖ చేతులెత్తేసింది. అక్కడితో నా ప్రభుత్వం మైనారిటీలో పడింది.

పాత ఫోను కొనేవాడు ఐఎంఈఐ నంబరును 14422కు మెసేజ్ పెట్టి, అది పోయిన ఫోనో కాదో అక్కడికక్కడే తెలుసుకోవచ్చు. పాత బండి కొనేవాడు జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ రికార్డుల్లో చూసుకోవచ్చు. కెమెరా కొనేవాడికి ఉన్నది సలహా. స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్‌ఎస్ అనే వ్యవస్థ ఉంది, ఎఫ్‌ఐఆర్‌లో రాసిన వస్తువుల వివరాలు అందులోకి ఎక్కుతాయి. కానీ అది పోలీసులకు. కెమెరా కొనేవాడు తొంగిచూసే కిటికీ దానికి లేదు. కెమెరా ఫోనులా టవరుకు తగలదు, ఎక్కడని వెతకమంటారు అని అడ్డు చెబుతారేమో. వెతకమని ఎవరడిగారు? పోయిందని ఫిర్యాదు వచ్చిన నంబర్లను జనం చూసుకునేలా ఒకచోట పెట్టమని కదా అడుగుతున్నది.

న్యాయశాఖ సలహా కూడా తీసుకున్నాను. వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. అంటే రేపు అసలు యజమాని వస్తే కెమెరా ఇచ్చెయ్యాలి, నా డబ్బు కోసం ఆ కుర్రాణ్ణి నేనే వెతుక్కోవాలి. పైగా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద, దొంగదని నమ్మడానికి కారణం ఉండీ ఉంచుకున్నానని తేలితే మూడేళ్ళ దాకా జైలు. నమ్మకపోవడానికి నాకు ఆధారం ఎవరివ్వాలి? వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, అది వ్యాపారం చేసేవాళ్ళ సంగతి, సొంత వస్తువు అమ్ముకున్నవాడి మీద నడవదు. ఆ విక్రయ చట్టం 1930 నాటిది. ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే ఫోన్ చెయ్యాల్సిన నంబరూ 1930. పాపం, ఆ ఒక్క సంఖ్యతోనే రెండు పనులూ కానిచ్చారు.

ఆ కుర్రాడు దొంగ కాడని నా మనసు చెబుతోంది. మనసు మాట కోర్టులో సాక్ష్యానికి రాదు. కొనలేదు. అతని ఈఎంఐ అలాగే ఉంది, మా వాడి చెయ్యి ఖాళీగా ఉంది.

పోయిన ఫోన్లు దొరికితే వాటిని బల్ల మీద వరసగా పేర్చి, వెనక అధికారులు నిలబడి ఫొటో దిగుతున్నారు. మంచి పనే, దిగాల్సిందే. ఆ ఫొటో తీస్తున్నవాడి మెడలో వేలాడేదే అతని ఇంటి అద్దె, పిల్లల ఫీజు. ఏదో ఫంక్షన్ హాల్లో, అందరూ తలంబ్రాలు చూస్తున్నప్పుడు ఎవడో ఆ కెమెరా ఉన్న బ్యాగు ఎత్తుకుపోతాడు. అతను ఏడుస్తూ స్టేషన్‌కు వస్తే సీరియల్ నంబరు అడిగి మరీ రాసుకుంటారు. ఎందుకయ్యా రాసుకోవడం? ఎవరికి చూపించడానికి? దొంగ దాన్ని దాచుకోడు, మాలాంటి వాళ్ళకే తెచ్చి అమ్ముతాడు. రాసుకున్న ఆ నంబరు మాకూ కనబడితే వాడి బేరం ఆ హోటల్ బల్ల మీదే ఆగిపోతుంది. ఆ కాస్త పని చెయ్యకుండా, కొన్నవాడి మీద కేసు పెడతామని మైకు ముందు బెదిరించడానికి నోరెలా వస్తుంది?