పట్టా ఉందిగా, ఇంకేం కావాలి!

ఇంటర్ అవగానే ఏం చదవాలన్న బెంగ పెట్టుకోకండి. కంప్యూటర్ సైన్సు, అంతే. సివిల్, మెకానికల్ అని ఎవరైనా నసిగితే వాళ్లింటికి రాకపోకలు మానేయండి. ఎప్‌సెట్ ర్యాంకు లక్ష దాటినా దిగులొద్దు, పిలిచి సీటిచ్చే కాలేజీలు బోలెడు. చేరేముందు చూసుకోవాల్సింది ల్యాబు కాదు, బస్సు. మన వీధి చివరిదాకా వస్తుందా రాదా?

చేరాక ప్రోగ్రామ్‌లు రాయడం నేర్చుకునే ప్రయత్నం చేయకండి. రికార్డు పక్కవాడిది చూసి దించేయండి. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో బైండింగుతో సహా దొరుకుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారని కొందరు చాదస్తులు భయపెడతారు. అడిగితే ‘టీమ్ ప్రాజెక్టు సార్, నేను డాక్యుమెంటేషన్ చూశాను’ అనండి. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లంతా డాక్యుమెంటేషనే చూశారని ఆయనకీ తెలుసు. మర్యాదస్తుడు కాబట్టి పైకి అనడు.

మార్కుల దగ్గర మాత్రం జాగ్రత్త. పెద్ద సర్వీసు కంపెనీల్లో చాలా వాటికి టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలి. ఇంటర్‌లో 58 దగ్గర ఆగినవాడు ఆ తర్వాత ఎంత గొప్ప కోడు రాసినా, వాడి దరఖాస్తు మనిషి కంట పడదు. కాబట్టి పదిహేడో ఏట మార్చిలో జ్వరం తెచ్చుకోకండి.

ఇక సర్టిఫికెట్లు. ప్రొవిజనల్, మార్కుల మెమోలు, టీసీ అన్నీ కాలేజీ బీరువాలోనే భద్రంగా ఉంటాయి, తొందరేముంది? జాయినింగ్‌కు రెండు రోజుల ముందు వెళ్లండి. ‘మీ రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు. ఆ డబ్బు మీరు కట్టి తీసుకెళ్లండి, ప్రభుత్వం ఇచ్చాక మేమిస్తాం’ అంటాడు గుమస్తా. ఫీజు ప్రభుత్వానిదే అన్నారు కదా అని మీ నాన్న, మాకు రావాలి కదా అని అతను. ఈ వాదన లంచ్‌దాకా సాగనివ్వండి. లంచ్ తర్వాత ప్రిన్సిపాల్ ఉండడు, సంతకం ఆయనదే కావాలి. ఈలోగా జాయినింగ్ తేదీ దాటిపోతుందని కంగారెందుకు? తేదీలు వాటంతటవే వెనక్కి జరిగిన రోజులూ ఉన్నాయి. 2022లో ఆఫర్ అందుకున్నవాళ్లలో కొందరు ఇన్ఫోసిస్‌లో చేరేసరికి 2024 వచ్చింది. విప్రో అయితే 2023లో, ఆరున్నర లక్షల జీతానికి ఎంపికైన ఫ్రెషర్లను మూడున్నరకు వస్తారా అని అడిగింది. పట్టా అదే, మార్కులవే. అమెరికాలో మాంద్యం భయం పట్టుకుంటే మన పట్టా ఏం చేస్తుందని అడక్కండి, అది రాజద్రోహం.

అనుభవం లేదన్న లోటు తీర్చడానికి కన్సల్టెన్సీలున్నాయి. మూడేళ్లు పెట్టించుకోండి, ఎలాగూ ఖర్చే. వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా అడిగితే, ఆ కంపెనీకి పీఎఫ్ కట్టే అలవాటు లేదని చెప్పండి.

ఇవేవీ కుదరకపోతే సర్కారు కొలువు ఉండనే ఉంది. తెలంగాణ గ్రూప్-4కు డిగ్రీ అడిగారు. ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిది లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. డిగ్రీ దండగన్నవాళ్లకు ఇంతకంటే జవాబేం కావాలి? అది లేకపోతే ఆ తొమ్మిది లక్షల్లో ఒకరయ్యే యోగం కూడా లేదు. అశోక్‌నగర్‌లో గది తీసుకుని రెండు మూడు నోటిఫికేషన్లు చూడండి, వయోపరిమితి పెంచమని ధర్నాలో కూర్చునే అర్హతా వస్తుంది.

ఒక్క ప్రమాదం ఉంది. డిప్లొమాతో ఆపేసి, టెస్టింగ్ నేర్చుకుని చిన్న కంపెనీలో దూరి, ఇప్పుడు టీమ్ లీడయిన మీ మేనత్త కొడుకు ఏ పెళ్లిలోనో తగులుతాడు. ‘రెజ్యుమే పంపు బావా, రిఫర్ చేస్తా’ అంటాడు. పంపకండి. డిప్లొమావాడి చలవతో బీటెక్‌వాడికి ఉద్యోగం వచ్చిందని నలుగురికీ తెలిస్తే, రేపు పెళ్లిచూపుల్లో మీ అమ్మ తలెక్కడ పెట్టుకుంటుంది?