వెదురు గంప ఆత్మకథ

ఈ గంప వెదురుది. మేడ్చల్‌లో ఒక మేదరి తన ఇంటి ముందు కూర్చొని అల్లింది. పచ్చి వెదురును చీల్చి బద్దలు తీయడం, కత్తితో నునుపు చేయడం, అడుగు కుదిరాక గోడ లేపడం, చివరికి అంచు కట్టడం, అంతా కలిపి ఒక పూట పని. అందులో చెప్పుకోవలసినంత విశేషం లేదు. గంపకు చరిత్ర అంటూ ఉంటే అది మోసిన బరువులదే. అందుకని ఈ కట్టె తన సంగతి చెప్పుకోవాలన్నా తాను మోసినవాటి సంగతే చెప్పాలి.

మొదట మోసింది ద్రాక్ష. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు హైదరాబాద్ మార్కెట్‌కు పోయేవి. తోటల జాగాలో ప్లాట్ల హద్దురాళ్లు లేచాక గంప రావల్కోల్‌లోని ఒక పెంకుటింటికి చేరింది. అక్కడ బోర్లా పడి కోడిపిల్లలను కమ్మడం దాని పని. ఆ రోజుల్లో పిల్లి అంటే శత్రువు. రాత్రివేళ వచ్చి బద్దల సందుల్లో పంజా దూర్చేది, అంచును గోళ్లతో గీరేది. ఈ గంప కింద ఉండగా ఒక్క కోడిపిల్ల కూడా పిల్లి నోట పడలేదు. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. వెలుపలి వైపు గీతలు అప్పటివి. లోపలి వైపు గీతలు తరువాతి కాలానివి.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఆ మాటలో నిజం ఉంది. వాసన పట్టి వచ్చే కుక్కల నుంచి, మగపిల్లుల నుంచి కాపాడుకోవడానికి తల్లి తావు మారుస్తూనే ఉంటుంది. ఒక వానాకాలం అలా ఈ ఇంటి వసారాకు చేరిన కూనల్లో ఒకటి మిగిలిపోయింది. తల్లి దానికోసం తిరిగి రాలేదు. తెల్లగా ఉందని ఇల్లాలు దానికి మల్లి అని పేరు పెట్టింది. అప్పటికి ఇంట్లో కోళ్లు లేవు. బోర్లా ఉన్న గంప వెల్లకిలా తిరిగింది. పాత నూలుచీర మడతపెట్టి అందులో పరిచారు. మల్లి 14 ఏళ్లు ఆ చీర మీదే పడుకుంది. పిల్లి రోజులో 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జీవి కాబట్టి, ఆ ఇంట్లో మల్లిని అందరికంటే ఎక్కువసేపు మోసింది ఈ గంపే.

ముసలి పిల్లులకు తరచుగా వచ్చే జబ్బు మూత్రపిండాలది. నీళ్లు ఎక్కువగా తాగడం, ఒళ్లు తగ్గడం, బొచ్చు నిగారింపు పోవడం దాని గుర్తులు. మూత్రపిండాల పనితనంలో సుమారు మూడింట రెండు వంతులు పోయేదాకా ఆ గుర్తులు బయటపడవు. మల్లి విషయంలోనూ అంతే. పశువుల డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైంది. చివరి వారంలో గంప అంచు దాటడానికి దానికి కాళ్లు లేవలేదు. ఇల్లాలే ఎత్తి దించేది, ఎత్తి పడుకోబెట్టేది. మల్లి పోయాక పెరట్లో సీతాఫలం చెట్టు కింద పూడ్చిపెట్టారు.

పెంపుడు జంతువు పోయిన ఇంట్లో దుఃఖం పెద్ద మాటల్లో కనిపించదు, అలవాట్లలో కనిపిస్తుంది. ఇల్లాలు చాలా నెలల పాటు వంటింటి కిటికీ జానెడు తెరిచే ఉంచింది. చేపలు కడిగిన రోజు తల ఒకటి విడిగా తీసిపెట్టి, తరువాత ఏం చేయాలో తోచక నిలబడేది. మనిషి పోతే పలకరించడానికి పది మంది వస్తారు. పిల్లి పోతే "పిల్లే కదా" అంటారు. ఏడవడానికి కూడా తావు లేని దుఃఖం లోపలే గడ్డకడుతుంది. ఆమె కూడా ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒకరోజు చీరను తీసి ఉతికి దాచింది. గంపను కళ్లకు కనబడకుండా అటక మీదికి ఎక్కించింది.

అటక మీద గంప రెండేళ్లకు పైగా ఉంది. దాని మీద ముందు ఒక విరిగిన ఇస్త్రీపెట్టె వచ్చి పడింది. తరువాత పాత కేబుల్ చుట్ట, పగిలిన బకెట్, సగం వాడిన సున్నం సంచి. సున్నం కారి అడుగున రెండు బద్దలు పెళుసెక్కి విరిగాయి. ఎండాకాలం పెంకుల వేడికి అంచు కట్టు వదులైంది. వెదురు పురుగు తొలిచిన పొడి సన్నగా రాలుతూ ఉండేది. గంప ఖాళీగా ఉండటం బాధ కాదు. పొలం నుంచి ఖాళీగా తిరిగొచ్చే గంపకు మర్నాటి బరువు మీద ఆశ ఉంటుంది. మోయవలసిన దానికి బదులు ఎవరికీ పనికిరానివన్నీ మోయవలసి రావడం బాధ. ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి ఒకసారి దీన్ని చెత్తబండికి వేద్దామన్నాడు. ఇల్లాలు కిందనుంచి చూసి, "అది ఉండనీ" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

దింపించింది కూతురు. ఆమె నగరంలో పని చేస్తూ సెలవుల్లో ఒక జంతు ఆశ్రయానికి సాయంగా వెళ్లేది. హైదరాబాద్‌లో ఇలాంటి పనికి పేరున్న సంస్థల్లో అమల అక్కినేని 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఒకటి. ఏ ఆశ్రయానికైనా పిల్లి కూనలతో చిక్కే. పెద్ద పిల్లిని గూటిలో ఉంచి పూటకింత పెట్టొచ్చు. కళ్లు తెరవని కూనకు రాత్రంతా రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి. పైగా వచ్చిపోయే జంతువుల నుంచి జబ్బులు త్వరగా అంటుకుంటాయి. అందుకే కొన్ని వారాల పాటు ఇళ్లలో పెంచి తిరిగి అప్పగించే పద్ధతి పెట్టుకున్నారు. దాన్నే అందరూ ఫోస్టర్ అంటారు. ఇంట్లో పెరిగిన కూన బలపడుతుంది, ఆశ్రయంలో మరో జంతువుకు చోటు దొరుకుతుంది.

"మల్లి జాగల ఇంకోదాన్ని పెట్టను బిడ్డా" అంది ఇల్లాలు.

"పెట్టమంటలేనమ్మా. ఆరు వారాలు సాది పంపిద్దాం" అంది కూతురు.

గంప కిందికి వచ్చేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. వెనకటి పిల్లి ఏ జబ్బుతో పోయింది? పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధితో పోయి ఉంటే ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. గచ్చును, పళ్లేలను సబ్బుతో కడిగి, ఒక పాలు ఇంటి బ్లీచ్‌కు 32 పాళ్ల నీళ్లు కలిపి తుడిస్తే అది చస్తుంది. వెదురు సందుల్లో, బొంతల్లో దాగినదాన్ని అలా చంపలేం. అలాంటి ఇంటికి టీకా పడని కూనను తేకూడదు, చనిపోయిన పిల్లి పడక వస్తువులను ఉంచకూడదు. మూత్రపిండాల జబ్బు అంటుకునేది కాదు. ఈ గంప మళ్లీ వసారాలోకి రాగలిగింది అందుకే. విరిగిన బద్దల చోట కొత్తవి దూర్చి, ఎండలో పెట్టి, దాచిన చీరనే మళ్లీ పరిచారు.

మొదట వచ్చినవి నాలుగు కూనలు. సర్వీసు రోడ్డు పక్కన అట్టపెట్టెలో, మూతకు టేపు అంటించి వదిలేశారు. కళ్లు సగమే విచ్చాయి కాబట్టి వయసు పది రోజులకు కాస్త అటూఇటూ. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం నేరం. మొదటిసారి చేస్తే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక వెదురు గంప ధర అంతకన్నా ఎక్కువ. ఇల్లు మారేటప్పుడు సామానంతా లెక్కపెట్టుకుని పిల్లిని గోడ మీద వదిలిపోయేవారి మీద, కూనలను పెట్టెలో మూసేసేవారి మీద ఈ గంపకు కోపం ఉంది. ఆ కోపం చల్లారదు. తల్లీపిల్లలు ఉన్నచోటే ఉంటే, తల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే, ఆ పెట్టె అవసరమే లేదు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే సూడి కట్టగలదు, 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. ఒక్క ఆపరేషన్ ఎన్ని అట్టపెట్టెలను ఆపుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కూన సాకడంలో మొదటి పాఠం పాలు కాదు, వెచ్చదనం. పుట్టిన కొత్తలో అది తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లబడ్డ కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి గంపలో ఒక పక్కనే పెట్టేవారు. వేడెక్కువైతే కూన పాక్కుంటూ మరో పక్కకు పోవాలి. రెండో పాఠం, ఆవుపాలు పట్టకూడదు. వాటితో కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసమే తయారైన పాలపొడి దొరుకుతుంది. పట్టేటప్పుడు బోర్లా ఉంచి పట్టాలి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలయ్యాక తడి దూదితో కింద మెల్లగా తుడవాలి. తల్లి నాలుకతో నాకి చేయించే పని అది. అలా చేయకపోతే కూన మలమూత్రాలు విసర్జించలేదు.

రాత్రి ఒంటిగంటకు, నాలుగు గంటలకు గడియారం మోగేది. ఇల్లాలు గంప పక్కన చాప మీద కూర్చొని నాలుగింటికీ వరసగా పట్టేది. వంటింటి తక్కెడ వసారాలోకి వచ్చింది. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక్కరోజు పెరగకపోయినా ఏదో తేడా ఉందని అర్థం. పాత క్యాలెండర్ వెనక ఆమె రాసిన అంకెల్లో మూడు వరసలు ఎక్కాయి. నాలుగోది 140 దగ్గర ఆగింది, మర్నాడు 134. డాక్టరుకు చూపించారు. మూడో రోజు తెల్లవారుజామున అది చీర మడతలోంచి జరిగి, సీసా పక్కకు కాక గంప గోడకు ఆనుకుని ఉంది. ఎంత బాగా చూసుకున్నా కొన్ని కూనలు నిలవవు. ఇల్లాలు దాన్ని సీతాఫలం చెట్టు కిందే పూడ్చింది. మల్లికి ఏడ్వని ఏడుపు కూడా ఆ పొద్దున ఏడ్చింది. ఆరు గంటలకు మిగతా మూడూ ఆకలికి అరిచాయి. లేచి పాలు కలిపింది.

నాలుగో వారానికి కూనలు మెత్తటి తిండి తినడం మొదలుపెట్టాయి. పళ్లెంలో ఇసుక పోసి పెడితే తవ్వి కప్పడం వాటంతటవే నేర్చుకున్నాయి. రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూన మనిషికి అలవాటుపడే కాలం. ఆ రోజుల్లో మనిషి చెయ్యి, కుక్కర్ కూత, ఇంటికొచ్చిన చుట్టాల గొంతులు పరిచయమైతే జన్మంతా బెదురు ఉండదు. ఆ గడువు దాటిన పిల్లిని మచ్చిక చేయడం చాలా కష్టం. గంప లోపలి గీతల్లో ఎక్కువ భాగం ఆ వారాలవే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా పడుతుంది. తరువాత మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా 12 వారాల తరువాత.

ఆ తరువాతిది అప్పగింత. తలుపున్న ప్లాస్టిక్ పెట్టెలో కూనలను తీసుకుపోయిన రోజు ఇల్లాలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఫోస్టర్‌లో అందరూ భయపడేది ఈ ఘడియకే. కొందరు పంపలేక తామే ఉంచుకుంటారు. అది తప్పు కాదు, కానీ ఆ ఇంట్లో తరువాతి కూనకు చోటు ఉండదు. పంపడం, వదిలేయడం ఒకటి కావు. అట్టపెట్టెలో మూసి పోయినవాళ్లకు ఆ కూనలు రేపు ఏమవుతాయో పట్టలేదు. ఈమె మాత్రం తీసుకునేవాళ్ల ఇంటి కిటికీలకు జాలీ ఉందా అని అడిగింది, ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తారని అడిగింది, క్యాలెండర్ మీది అంకెలు కాగితం మీదికి ఎక్కించి ఇచ్చింది. గంపకు ఇది ముందే తెలుసు. మోసినది ఏదీ గంపది కాదు. చేర్చవలసిన చోటికి చెడకుండా చేరిస్తే దాని పని అయినట్టే.

మూడేళ్లలో 11 కూనలు ఈ గంపలో పెరిగాయి. ఏదీ మల్లి కాలేదు, ఎవరూ కావాలని కోరలేదు. పోయిన జీవి చోటు ఇంకొకటి నింపదు. ఆ జీవిని సాకి సాకి చేతులు నేర్చుకున్న పని మాత్రం ఇంకొకరికి అక్కరకు వస్తుంది. వంటింటి కిటికీని ఇల్లాలు ఎప్పటినుంచి మూయడం మొదలుపెట్టిందో ఆమెకే గుర్తులేదు.

కిందటి నెల వచ్చిన జంట కూనల్లో ఒకదానికి చెవి వెనక గుండ్రంగా బొచ్చు ఊడింది. డాక్టరు తామర అన్నాడు. పిల్లుల తామర మనుషులకూ అంటుతుంది. దాని సూక్ష్మ బీజాలు ఏడాదికి పైగా నిలుస్తాయి. కూనకు మందుంది, తగ్గుతోంది. వెదురు సందులకు మందు లేదు. గంపను తీసేయాలని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పింది సరైన మాట.

రేపు పొద్దున పెరట్లో ఈ కట్టె కాలుతుంది. అటక మీదికి కాదు, చెత్తబండికి కాదు. ఇల్లాలు నిన్న సాయంత్రం కడవెడు నీళ్లు పోసి దీన్ని కడిగింది. కాల్చేదాన్ని కడగడం ఎందుకని కూతురు అడిగితే బదులు చెప్పలేదు. వసారాలో కొత్త ప్లాస్టిక్ టబ్బు వచ్చింది. నునుపుగా ఉంది, బ్లీచ్ నీళ్లతో రోజూ తుడవొచ్చు. దాని అడుగున వేడినీళ్ల సీసా ఒక పక్కకు పెట్టి, ఇల్లాలు మరో పాత నూలుచీర పరిచింది.