మిద్దె, గోనె, కూలరు: ఒక వేసవి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

నారాయణఖేడ్ సీమలో కల్హేర్ అనే ఊరు కలదు. 2016 దాకా అది మెదక్ జిల్లాలో ఎండింది. ఆ తర్వాత సంగారెడ్డి జిల్లాలో ఎండుతోంది. మంజీర మీది నిజాంసాగర్ అంత దూరమేమీ కాకున్నా, రోహిణి కార్తెలో దాని చల్లదనం ఊరి గడప తొక్కదు. అట్టి గృహస్థుల హితంకోరి పుట్టినదీ ఆటవెలది. అల్లినవాడూ వ్యాఖ్యాతా ఒకడే కనుక కవిహృదయం గురించి తగాదాలకు తావులేదు.

మిద్దెకేయి సున్న మెండలు ముదరక
గోనె తడిపి కట్టు గుమ్మమునకు
కూలరున్న యింట గోడకిటికి దీయి
కల్లు గాదు నీరె కల్హెరందు

ప్రతిపదార్థం

ఎండలు ముదరక = ఎండలు ముదరకముందే; మిద్దెకు = స్లాబు పైభాగానికి; సున్నము = తెల్ల సున్నమును; ఏయి = వేయుము (ఇంటాయన స్వయంగా వేయవలెనని ఇల్లాలి పక్షం, మేస్త్రీతో వేయించవలెనని ఇంటాయన పక్షం); గోనె = జనపనార సంచిని (యూరియా సంచి నీరు పీల్చదు గనుక ఇక్కడ గ్రాహ్యం కాదు); తడిపి = నీట ముంచి; గుమ్మమునకు = గాలి వచ్చే దర్వాజకు; కట్టు = వేలాడగట్టుము; కూలరు ఉన్న ఇంట = కూలరు తిరిగే గదిలో; గోడకిటికి = ఎదుటి గోడకున్న కిటికీని; తీయి = తెరువుము; కల్హెరందు = కల్హేర్‌లో; నీరె = నీళ్లే; కల్లు కాదు = స్పష్టము. ‘తాగుము’ అని అధ్యాహారం.

తాత్పర్యం

వేసవి ముదరకముందే మిద్దె మీద సున్నం వేయించు. గాలి వచ్చే దారికి తడి గోనె కట్టు. కూలరు పెడితే కిటికీ తెరువు. దాహానికి నీళ్లే తాగు.

విశేషాలు

మిద్దెను కవి మొదట చెప్పడంలో ఔచిత్యం ఉంది. పగలంతా నడినెత్తి ఎండ మింగిన స్లాబు పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. బయట చల్లబడ్డాక కూడా లోపల ఉడకడానికీ, జనం చాపలు చంకనబెట్టి మిద్దె ఎక్కడానికీ ఇదే కారణం. తెలుపు ఎండను వచ్చిన దారినే పంపుతుంది. దుమ్ము పట్టిన తెలుపుకు ఆ శక్తి తగ్గుతుంది కనుక ఏటేటా వేయాలి.

ఈ పాదానికి రాజశాసనం కూడా తోడుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లు ఐచ్ఛికంలోకే వస్తాయి. అంటే సర్కారు అడగదు, సూర్యుడే అడుగుతాడు.

రేకుల ఇంటివారికి మిద్దె ఏదని శంక. రేకుకూ తెల్లరంగు పట్టును, సమాధానం ముగిసింది.

గోనెకూ కూలరుకూ సూత్రమొకటే. లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని గాలిలోంచి గుంజుకుంటుంది. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు.

పూర్వపక్షం: కిటికీ తెరిస్తే చల్లగాలి పోదా?

సిద్ధాంతం: పోవాలి. పోకపోతే తేమ గదిలోనే నిండి, నీరు ఆవిరి కావడం మందగించి, చల్లదనం పోయి జిగట మిగులుతుంది. అందుకే పొడిగాలి వీచే కల్హేర్ మేలో కూలరు రాజు. తేమగాలి వీచే మచిలీపట్నంలో అది చప్పుడు చేసే పెట్టె. మృగశిర చినుకులు పడ్డాక ఇక్కడా దాని గతి అదే.

ఏసీని కవి పద్యంలోకి రానివ్వలేదు. గణం కుదరక కాదు. ‘ఏసి’ చక్కని గలమే. బిల్లు కుదరలేదు. ఉన్నవారికి మాత్రం నియమం: 2020 జనవరి 1 నుంచి కొత్త గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలుకావాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ కట్టడి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఆ సంస్థ మాట. 18లో పెట్టి రగ్గు కప్పుకోవడం వ్యాఘాత దోషం. కూలరునూ ఏసీనీ ఒకే గదిలో నడపడం మరీ దోషం: ఒకటి పోసిన తేమను రెండోది కరెంటు ఖర్చుపెట్టి పిండుతుంది.

నాలుగో పాదాన్ని కల్లుప్రియులు ప్రక్షిప్తమంటారు. గ్రాహ్యం కాదు. ఎండదెబ్బ వేళ మత్తు పానీయాలు ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తాయి.

అలంకారం స్వభావోక్తి. కప్పు, గుమ్మం, గది, గొంతు: వేడి ఏ వరుసలో మీదికొస్తుందో పాదాలూ ఆ వరుసలోనే నిలిచి దాన్ని అడ్డుకుంటాయి. వేడిని కప్పు మీదే ఆపినవాడికి ఏడాదికోసారి సున్నం ఖర్చు. ఇంట్లోకి రానిచ్చి తరిమేవాడికి నెలనెలా బిల్లు.

ఫలశ్రుతి

ఇది చదివినంత మాత్రాన ఫలం లేదు. శివరాత్రి వెళ్లగానే సున్నం బకెట్టు పట్టుకొని మిద్దె ఎక్కండి.