యాప్‌కీ ప్యాన్ ఇండియానే!

ఫిల్మ్‌నగర్‌లో కథ చెప్పి ఒప్పించడం తేలిక. యాప్ ఏ ఫ్రేమ్‌వర్క్‌లో కడతామో చెప్పి ఒప్పించడం కష్టం. కథైతే కనీసం ఇంటర్వెల్ దాకా వింటారు. అందుకే యాప్ కావాలని వచ్చే నిర్మాతలకు నేను వాళ్ల లెక్కలోనే చెబుతాను.

"సార్, ఆండ్రాయిడ్‌కి కోట్లిన్‌లో, ఐఫోన్‌కి స్విఫ్ట్‌లో విడివిడిగా రాస్తే అది రీమేక్. రెండు యూనిట్లు, రెండు బడ్జెట్లు."

బడ్జెట్ మాట వినగానే చేతిలో ఫోన్ పక్కన పెడతారు.

"వెబ్‌సైట్‌నే యాప్‌లో చుట్టి ఇస్తే డబ్బింగ్. చవకే గానీ, పెదాలొక చోట, మాటొక చోట."

"మధ్యస్తంగా ఏం లేదా బాబూ?" అన్నారొక నిర్మాత.

"ఉంది సార్. 1957లో 'మాయాబజార్' తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఎన్టీఆర్, సావిత్రి, ఎస్వీ రంగారావు రెండింట్లోనూ వాళ్లే. అభిమన్యుడు మాత్రం ఇక్కడ అక్కినేని, అక్కడ జెమినీ గణేశన్. 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్‌దీ అదే పద్ధతి. కోడ్ చాలావరకు ఒకటే, బటన్లు మాత్రం ఏ ఫోన్‌వి ఆ ఫోన్‌వే. గూగుల్ వాళ్ల ఫ్లట్టర్ అలా కాదు. 2018 డిసెంబర్‌లో 1.0 వచ్చింది. ఏ ఊరెళ్లినా సెట్ తనే వేసుకుంటుంది. ఫోన్‌లో ఉన్న బటన్ని ముట్టుకోదు, తెరమీద ప్రతిదీ తనే గీసుకుంటుంది."

"అయితే ఫ్లట్టరే. మనది ప్యాన్ ఇండియా. రెండు ఫోన్లలోనూ అచ్చుగుద్దినట్టు ఉండాలి."

అచ్చుగుద్దినట్టే చేసి చూపించాం. తెర నిండా సినిమా పోస్టర్. మేనేజర్‌గారు తన ఆండ్రాయిడ్‌లో కిందున్న బ్యాక్ బటన్ నొక్కి హాయిగా వెనక్కొచ్చేశారు. ఐఫోన్‌లో ఆ బటన్ ఉండదు. నిర్మాతగారు సొంత సినిమా పోస్టర్ ముందు చిక్కుకుపోయి, "బయటికి దారెటయ్యా?" అన్నారు. ప్రేక్షకుడు అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగారని మేనేజర్‌గారు నాకు మాత్రమే వినపడేలా గొణిగారు.

కోడ్ ఒకసారి రాస్తే సరిపోవచ్చు, పరీక్ష మాత్రం రెండు ఫోన్లలోనూ పెట్టాల్సిందే. పైగా ఆపిల్, గూగుల్ ఏటా కొత్త ఓఎస్ వదులుతాయి. అంటే ఏటా ప్యాచ్‌వర్కే. ఈలోగా ఫ్రేమ్‌వర్క్ బ్యానరే మూతపడొచ్చు. ఫోన్‌గ్యాప్‌ని అడోబీ 2020లో ఆపేసింది. జామరిన్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2024 మే 1తో ముగిసింది. ఎయిర్‌బీఎన్‌బీ అయితే 2018లో రియాక్ట్ నేటివ్‌కి దణ్ణం పెట్టి, మళ్లీ విడివిడిగానే రాసుకుంటామంది.

"మరి దేన్ని నమ్మాలి?" అన్నారాయన.

"ఏది గొప్పదని చూడకండి సార్. మూడేళ్ల తర్వాత రిపేరుకి కుర్రాళ్లు దేనికి దొరుకుతారో చూడండి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివితే చాలు, జూబ్లీహిల్స్‌లో మీటింగులు అక్కర్లేదు."

ఇన్ని చెప్పినా ఎక్కలేదు గానీ, ఈ ముక్క మాత్రం ఆయనకి ఇట్టే ఎక్కింది.

"అంతేగా బాబూ! మేం హీరోని తీసుకునేదీ అలాగే. కథకి నప్పుతాడనా? డేట్స్ ఉన్నాయని!"